సేవకు కుదిరినవారితో రాతపూర్వక ఒప్పందం

దివ్యఖుర్ఆన్ ఆయత్‌లన్నిటిలో పెద్దది నమాజును గురించినది కాదు, రోజాను గురించినదీ కాదు. ఒకరికొకరు బాకీ పడేటప్పుడు కాగితం ఎలా రాసుకోవాలో నేర్పే ఆయత్ అది. బఖరా సూరాలో 282వది. గడువు పెట్టుకున్న బాకీని రాసుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, రాయడం వచ్చినవాడు నిరాకరించకూడదని, బాకీ ఎవరి మీద ఉందో అతనే చెప్పి రాయించాలని, సాక్షులుండాలని, చిన్న మొత్తమే కదా అని విసుక్కోకూడదని అల్లాహ్ అందులో ఆదేశించాడు. ఇలా చేయడం తన దృష్టిలో ఎక్కువ న్యాయమనీ, సాక్ష్యానికి బలమనీ, అనుమానాలు పుట్టకుండా కాపాడుతుందనీ కారణాలు కూడా తెలిపాడు.

ఈ ఆయత్ చదివినప్పుడు మనకు గుర్తొచ్చేది వ్యాపారులూ, అప్పులిచ్చి పుచ్చుకునేవాళ్ళూ. కాని నెలంతా పని చేయించుకుని నెలాఖరున జీతమిచ్చే ప్రతి ఇంటివారూ ఆ నెల రోజులూ బాకీదారులే. ముప్ఫయ్యో తేదీ వచ్చేదాకా ఆ మనిషి చెమట మన మీద అప్పుగానే ఉంటుంది. ముఖ్యంగా ఇంట్లో మంచానపడ్డ పెద్దలను చూసుకోవడానికి ఆయానో, అటెండెంటునో, హోమ్ నర్సునో కుదుర్చుకున్న ఇళ్ళకు ఈ ఆయత్ నేరుగా వర్తిస్తుంది. పిల్లలు గల్ఫ్‌లోనో, అమెరికాలోనో, బెంగుళూరులోనో ఉండి, తల్లిదండ్రులు హైదరాబాదులోనో, గుంటూరులోనో, కర్నూలులోనో పరాయి మనిషి చేతుల మీద బతుకుతున్న ఇళ్ళు ఈనాడు తక్కువేమీ కాదు. ఆ ఒప్పందాలు ఎక్కువగా నోటిమాట మీదే జరుగుతున్నాయి. “ముందు పనిలో చేరండి, జీతం సంగతి చూద్దాం లెండి”, “మనింటి మనిషిలా చూసుకుంటాం” అనే రెండు మాటలతో సరి.

మృతుని మీద మిగిలిపోయే బాకీ

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక తండ్రికి పక్షవాతం వచ్చింది. ఆయన పింఛను డబ్బులతోనే ఒక ఆయాను నెలకు 12,000 రూపాయలకు కుదిర్చారు. “చేతికి 10,000 ఇవ్వండి అయ్యా, మిగతా రెండువేలు మీ దగ్గరే ఉంచండి, మా అమ్మాయి పెళ్ళికి ఒక్కసారే తీసుకుంటాను” అంది ఆమె. ఆయన సరేనన్నారు. మూడేళ్ళు గడిచాయి. ఆ తండ్రి కన్నుమూశారు. అప్పటికి ఆమెకు రావలసింది 72,000 రూపాయలు. ఊళ్ళ నుంచి కొడుకులు వచ్చారు. వారికి ఈ సంగతి తెలియదు. ఎక్కడా రాసి లేదు. ఆమె అడిగితే వారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇప్పుడు న్యాయం ఏమిటి? దావా వేసినవారు రుజువు చూపాలి, కాదనేవారు ప్రమాణం చేయాలి అన్నది ఇస్లామీ న్యాయసూత్రం. ఆయా దగ్గర రుజువు లేదు. “మాకు తెలియదు” అని కొడుకులు ప్రమాణం చేస్తే వారు అబద్ధమాడినట్టూ కాదు. తీర్పు ఆమెకు అనుకూలంగా రాదు. కాని బాకీ మాయమైపోయిందా? లేదు. అది ఆ తండ్రి మీద ఉండిపోయింది. నిసా సూరా 11, 12 ఆయత్‌లలో వారసుల వాటాలు చెబుతూ అల్లాహ్, వసిఅత్‌ను, అప్పును తీర్చిన తర్వాతే పంపకం అని మళ్ళీ మళ్ళీ గుర్తు చేశాడు. అంటే ఆ ఇంట్లో కొడుకులు పంచుకున్న సొమ్ములో 72,000 రూపాయలు వారివి కావు. వారికి తెలియకపోవచ్చు, అయినా వారివి కావు.

అప్పు తీరేదాకా విశ్వాసి ఆత్మ దానికి కట్టుబడి ఉంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు తిర్మిజీలో ఉంది. సహీహ్ బుఖారీలోని మరో సంఘటన మనకు తెలిసిందే. ఒక జనాజా తెచ్చినప్పుడు, మృతునికి అప్పు ఉందనీ తీర్చడానికి ఏమీ విడిచిపోలేదనీ తెలిసి, దైవప్రవక్త (స) తాను నమాజు చేయించకుండా, మీ సహచరుని జనాజా నమాజు మీరే చేసుకోండని అన్నారు. ఆ బాకీ నాది అని హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీ పడిన తర్వాతే నమాజు చేయించారు. పనివారి జీతం విషయంలో హెచ్చరిక ఇంకా తీవ్రం. కూలికి మనిషిని పెట్టుకుని, పని పూర్తిగా చేయించుకుని, కూలి ఇవ్వని వానికి ప్రళయదినాన తానే ప్రతివాదినవుతానని అల్లాహ్ అన్నట్టు హదీసె ఖుద్సీలో వచ్చింది. ఇది కూడా బుఖారీలోనిదే.

మన తండ్రి మీద అటువంటి దావా మిగలకుండా చేయగలిగింది ఒక్క కాగితం ముక్క. కుదుర్చుకున్న రోజున రాసుకున్న ఒప్పందం, నెలనెలా సంతకం పెట్టించిన చిన్న పుస్తకం.

నమ్మకం లేదా అంటే

“కాగితం అడిగితే నమ్మకం లేనట్టు కాదా?” అని కొందరు నొచ్చుకుంటారు. ఒకరినొకరు నమ్మి రాయకుండా వదిలేయడానికి 283వ ఆయత్‌లో వెసులుబాటు ఉన్నమాట నిజమే. అక్కడ నమ్మకం పొందినవాడు అల్లాహ్‌కు భయపడి అమానత్ తీర్చాలని షరతు ఉంది. అందుకే ధర్మవేత్తలలో అత్యధికులు రాసుకోవడాన్ని ముస్తహబ్ అన్నారు. తప్పనిసరి అన్నవారూ ఉన్నారు. కాని ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. నమ్మి వదిలేసే స్వేచ్ఛ ఇద్దరికీ సమానంగా ఉందా? నెల జీతం మీద ఇల్లు గడిచే మనిషి యజమానిని “రాసివ్వండి” అని అడగగలదా? అడిగితే పని పోతుందేమోనని భయం. ఆమె అడగకపోవడాన్ని మనం నమ్మకం అని పిలుచుకుంటున్నాం. ఆయత్‌లో రాయించే బాధ్యత బాకీపడ్డవాని మీద పెట్టడంలోని వివేకం ఇక్కడ తెలుస్తుంది. కాగితం మాట మొదట ఎత్తవలసింది ఇంటివారే.

మద్‌యన్‌లో కుదిరిన ఒప్పందం

సేవకు మనిషిని కుదుర్చుకోవడంలో ఎలాంటి మర్యాద పాటించాలో ఖసస్ సూరాలో ఉంది. మద్‌యన్ బావి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు తమ తండ్రి బాగా ముసలివాడని చెప్పుకున్నారు. మూసా (అలైహిస్సలాం) వారి పశువులకు నీళ్ళు తోడిపెట్టారు. తర్వాత వారిలో ఒకామె ఆయనను పనికి పెట్టుకొమ్మని తండ్రికి సలహా ఇచ్చింది. పనివానిలో చూడవలసినవి రెండే అంది: బలం, నిజాయితీ. మంచానపడ్డ మనిషిని లేపి కూర్చోబెట్టాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి, ఎవరూ లేని ఇంట్లో ఉండాలంటే నిజాయితీ ఉండాలి. ఆ రెంటికీ ఇంకేం కలపాలో నాకు తోచదు.

ఆ వృద్ధుడు ఒప్పందం కుదుర్చుకున్న తీరు చూడండి. కాలం ఎనిమిదేళ్ళని ముందే చెప్పారు. పది పూర్తి చేస్తే అది నీ ఇష్టం అన్నారు. నిన్ను కష్టపెట్టాలన్నది నా ఉద్దేశం కాదన్నారు. ప్రతిఫలం ఏమిటో చెప్పారు. మూసా (అలై) కూడా ఊరుకోలేదు. ఈ రెండు గడువులలో ఏది పూర్తి చేసినా ఆ తర్వాత నా మీద ఒత్తిడి ఉండకూడదని తన వైపు షరతు స్పష్టం చేసుకుని, మన మాటకు అల్లాహ్ సాక్షి అన్నారు. పని చేసేవాడు షరతు పెట్టడం పొగరు కాదని ఒక ప్రవక్తే చూపించారు. తప్పనిసరి పని ఒకటి, ఇష్టంతో చేసే అదనం ఒకటి అని విడదీయడం ఈ ఒప్పందంలో గొప్ప సంగతి. మన ఇళ్ళలో చిక్కంతా అక్కడే వస్తుంది. రోగిని చూసుకోవడానికని పెట్టుకున్న మనిషి మెల్లగా గిన్నెలు తోముతుంది, మనవళ్ళను బడి నుంచి తెస్తుంది, పండగనాడు ఇరవైమందికి వంట చేస్తుంది. ఇష్టంతో చేస్తే అది ఆమె మంచితనం. జీతంలో భాగమని అడిగి చేయిస్తే మాట తప్పడమే.

దాది విషయంలో ధర్మవేత్తలు చెప్పినది

మనిషి శరీరానికి సేవ చేసే ఉద్యోగం గురించి ఫిఖహ్ గ్రంథాలలో వెదికితే దగ్గరగా దొరికేది పాలిచ్చే దాది చర్చ. తలాఖ్ సూరా 6వ ఆయత్‌లో, పాలిచ్చినవారికి వారి ప్రతిఫలం ఇవ్వండి, మంచిగా ఒకరితో ఒకరు మాట్లాడుకోండి అన్న ఆదేశముంది. జీతం తెలిసి ఉండాలన్నది అందరూ ఒప్పుకున్న నియమం. మరి “తిండీ బట్టా పెడతాం” అని కుదుర్చుకుంటే? అది ఎంతో తెలియదు కాబట్టి చెల్లదని ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ అన్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) మాత్రం దాది విషయంలో దానిని అనుమతించారు. బిడ్డ మీది ప్రేమతో జనం దాదికి తిండి దగ్గర లోటు చేయరు, కాబట్టి తగాదా రాదన్నది అందులోని ఆలోచన. గమనించండి, ఆ సడలింపు కూడా తగాదా రాదన్న భరోసా మీదే నిలబడింది. ఈనాడు ఆయాకు రాత్రి మిగిలిన అన్నం పెట్టే ఇళ్ళను చూస్తుంటే ఆ భరోసా మీద ఆధారపడడం కష్టం. ఇంట్లోవారు తిన్నదే మూడు పూటలా పెట్టాలని రాసుకోవడం మేలు.

మరో చర్చ కూడా మనకు పనికొస్తుంది. దర్జీలా, చాకలిలా నలుగురికి పనిచేసే మనిషి వేరు. తన కాలమంతా ఒక్కరికే అప్పగించిన మనిషి వేరు. రెండోవానిని అజీర్ ఖాస్ అంటారు. తన సమయాన్ని అప్పగించి సిద్ధంగా ఉన్నాడంటే అతనికి జీతం రావలసిందే, ఆ సమయంలో పని చెప్పకపోయినా సరే. ‘రాత్రంతా నాన్నగారు నిద్రపోయారు, అటెండెంటు చేసిందేముంది’ అనే లెక్క ధర్మం కాదు. రోగిని పది రోజులు ఆసుపత్రిలో చేర్చి, అటెండెంటు వస్తానన్నా మీరే వద్దన్నారనుకోండి, ఆ పది రోజుల జీతం కోయకూడదు. అలాగే అతని అశ్రద్ధ లేకుండా ఏదైనా వస్తువు పాడైతే నష్టం అతని మీద వేయకూడదు. అశ్రద్ధ చేస్తే మాత్రం బాధ్యుడే.

కాగితంలో ఏముండాలి

మొట్టమొదట రాయవలసింది యజమాని ఎవరన్నది. జీతం రోగి సొమ్ములోంచా, కొడుకు జేబులోంచా? పై ఉదాహరణలో బాకీ తండ్రిది. కొడుకే కుదుర్చుకుని ఉంటే అది కొడుకు బాకీ, తండ్రి ఆస్తిలోంచి తీయడానికి వీల్లేదు. నలుగురు అన్నదమ్ములు కలిసి ఇచ్చే ఇళ్ళలో ఎవరి వంతు ఎంతో కూడా రాయకపోతే, ఒకరు మానేసిన నెల ఆయా జీతానికే కోత పడుతుంది. ఏజెన్సీ ద్వారా వచ్చిన మనిషైతే ఏజెన్సీకి ఇచ్చేది ఎంత, అందులో ఆ మనిషి చేతికి అందేది ఎంత అన్నవి రెండూ విడిగా ఉండాలి. మనం నిండుగా చెల్లించి, పనిచేసిన మనిషి సగంతో ఇంటికి పోతుంటే మనకు తెలియకపోవడం మంచిది కాదు.

తర్వాత పని. స్నానం చేయించడం, డైపరు మార్చడం, గొట్టం ద్వారా ఆహారం పెట్టడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టడం వంటివి పేరుపేరునా రాయాలి. ఇంజెక్షను చేయడం నేర్చుకోని మనిషితో ఇంజెక్షను చేయించకూడదని కూడా రాయాలి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన హానికి బాధ్యుడని అబూ దావూద్ హదీసులో ఉంది. ఆయాకు తెలియదని తెలిసీ చేయించిన ఇంటివారు ఆ పాపంలో భాగస్వాములు కారా? రోగి జబ్బులు దాచకూడదు. అంటుకునే జబ్బు ఉన్నా, కొట్టే, తిట్టే మతిమరుపు స్థితి ఉన్నా ముందే చెప్పి రాయాలి. అద్దా బిన్ ఖాలిద్ (రజి)కు దైవప్రవక్త (స) రాయించి ఇచ్చిన విక్రయ పత్రంలో జబ్బూ, మోసమూ లేవన్న మాట ప్రత్యేకంగా ఉంది. లోపం దాచకపోవడం ఆ పత్రం ఉద్దేశాలలో ఒకటి.

మగ రోగికి మగవారు, ఆడ రోగికి ఆడవారు అన్నది మూలనియమం. తప్పనిసరి పరిస్థితిలో అవసరమున్నంత వరకే సడలింపు. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే పరిస్థితి రాకుండా ఎవరు ఇంట్లో ఉంటారో రాసుకుంటే ఇద్దరి మానానికీ రక్ష. రోగికి నమాజు వేళలు గుర్తుచేయడం, వుజూకు నీళ్ళివ్వడం, అది వీలుకాకపోతే తయమ్ముమ్‌కు మట్టి దగ్గర ఉంచడం, మంచం ఖిబ్లా వైపు తిప్పడం కూడా పనిలో భాగంగా చెప్పవచ్చు. వచ్చిన మనిషి ముస్లిం కాకపోతే ఇవన్నీ ముందే విడమరచి చెప్పి ఒప్పించాలి, ఆమె పండుగలకు ఆమెకు సెలవు రాయాలి. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స), హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఇస్లాం స్వీకరించని వ్యక్తినే దారి చూపడానికి కూలికి కుదుర్చుకుని, ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ దగ్గరికి రమ్మని గడువు పెట్టారు. ప్రాణాలనే అప్పగించిన ఒప్పందం అది.

గంటలూ, వారపు సెలవూ, అడ్వాన్సూ, మానేయాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలో అందరికీ తెలిసినవే, రాస్తే చాలు. ఒక్క దురలవాటు గురించి చెప్పాలి. మానేసి పోకుండా ఆధార్ కార్డో, సర్టిఫికెట్లో తీసి బీరువాలో పెట్టుకోవడం. తాకట్టు బాకీకి ఉంటుంది, మనిషికి కాదు.

చెప్పి రాయించలేనివారి తరఫున

మతి తప్పినవాడో, బలహీనుడో, చెప్పి రాయించలేనివాడో అయితే అతని వలీ న్యాయంగా చెప్పి రాయించాలని అదే 282వ ఆయత్‌లో ఉంది. మతిమరుపు జబ్బున్న తల్లి వేలిముద్ర తీసుకుని ఒప్పందం అనుకోవడం ధర్మం ప్రకారం చెల్లదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారమూ ఒప్పందం చేసుకునేవారికి దానిని అర్థం చేసుకునే మతి ఉండాలి. సేవ చేసే మనిషి చదువురానిదైతే ఆమెకూ అదే న్యాయం. ఆమెకు తెలిసిన భాషలో, ఉర్దూ అయితే ఉర్దూలో, తెలుగైతే తెలుగులో, సాక్షుల ముందు చదివి వినిపించాలి. ప్రతి మొహల్లాలో చదువుకున్న యువకులున్నారు, మస్జిద్ ఇమాములున్నారు. ఈ కాగితాలు రాసిపెట్టడం వారికి గొప్ప సేవాకార్యం.

ఇక ఇల్లో, నగో ఇస్తానని చెప్పి సేవ చేయించుకోవడం. “చివరిదాకా చూసుకో, ఈ ఇల్లు నీదే” అన్న మాటలో చివరి రోజు ఎప్పుడో ఎవరికీ తెలియదు. కాలం తెలియని పనికి ఇల్లు జీతం కాజాలదు. నెల జీతం వేరుగా కుదుర్చుకోవాలి. వారసత్వం లేనివారికి వసిఅత్ చేయదలిస్తే ఆస్తిలో మూడోవంతు దాటకూడదు. మూడోవంతే ఎక్కువ అని దైవప్రవక్త (స) సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)తో అన్నారు. మరణవ్యాధిలో ఇచ్చిన కానుకకూ ఇదే హద్దు. మన దేశంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను, చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూసుకోనివారి నుంచి ఆ బదిలీని రద్దు చేయించుకునే అవకాశం వృద్ధులకిచ్చింది. అలాంటి షరతు ఉన్నట్టు తేలాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది వృద్ధుల మేలు కోరిన చట్టం కాబట్టి ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో మరో తీర్పు వచ్చింది. ఎటు చూసినా షరతు రాసి ఉన్నవారి పరిస్థితి మెరుగు.

గల్ఫ్‌కు వెళ్ళే అక్కాచెల్లెళ్ళకు

కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్ళకు వెళ్ళే మన స్త్రీలలో చాలామంది చేసేది అక్కడి వృద్ధుల సేవే. వారు తెలుసుకోవలసింది ఏమంటే, కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివారి కోసమే వచ్చింది. రోజుకు పన్నెండు గంటలకు మించని పని, వారానికో రోజు సెలవు, ఏటా జీతంతో ముప్ఫై రోజుల సెలవు, పని ముగిసినప్పుడు పనిచేసిన ఏడాదికి ఒక నెల జీతం చొప్పున గ్రాట్యుటీ అందులో ఉన్నాయి. ఇక్కడ ఒక కాగితం మీద, అక్కడ మరో కాగితం మీద సంతకం తీసుకునే మోసం పాతదే. ఇక్కడి ఒప్పందం నకలు ఫోనులోనూ, పుట్టింటిలోనూ ఉండాలి. ఏజెంటు మాట సందేహంగా ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలను అడగవచ్చు.

ఒక నమూనా

భాష పెద్దదిగా ఉండనక్కరలేదు. ఇలా రాస్తే సరిపోతుంది:

‘బిస్మిల్లాహ్. ఫలానా తేదీన, ఫలానా వారి కుమారుడనైన నేను, మా తండ్రిగారి సేవకు ఫలానా ఆమెను/అతనిని నెలకు ఇంత జీతానికి ఒక ఏడాదికి కుదుర్చుకున్నాను. జీతం నా సొంత డబ్బు నుంచి ప్రతి నెల 5వ తేదీలోపు ఇస్తాను. చేయవలసిన పనులు ఇవి. పని వేళలు ఇవి. వారానికి ఈ రోజు సెలవు. మూడు పూటల భోజనం మా ఇంటి భోజనమే. మా తండ్రిగారి జబ్బులు ఇవి, ఏదీ దాచలేదు. ఆయన మాటలు, ఇంటి గుట్టు బయటికి పోనివ్వనని ఆమె/అతడు ఒప్పుకున్నారు. నా దగ్గర దాచమని ఇచ్చిన సొమ్ము వెనక పేజీలో ఎప్పటికప్పుడు రాసి ఇద్దరం సంతకం చేస్తాము. ఎవరు మానుకోదలచినా పదిహేను రోజుల ముందు చెప్పాలి. మా తండ్రిగారు మరణిస్తే ఆ రోజు వరకు లెక్క కట్టి, ఖననమైన మూడు రోజులలోపు బాకీ మొత్తం చెల్లిస్తాను. ఈ కాగితాన్ని ఫలానా భాషలో చదివి వినిపించాము.’

కింద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు, రాసినవాని పేరు. రెండు ప్రతులు తీసి ఒకటి సేవకు వచ్చిన మనిషి చేతికే ఇవ్వాలి. ఏడాది తిరిగాక జీతం పెరిగినా, రోగి పరిస్థితి మారి పని పెరిగినా పాతదాని మీద కొట్టివేతలు చేయకుండా కొత్త కాగితం రాసుకోవాలి.